బాటసారి పక్క

అతిథి మర్యాదలలో మనవారు అన్నమునకును నీటికిని ఇచ్చిన స్థానము పక్కకు ఇచ్చినట్లు కానరాదు. అన్నసత్రములు కట్టించినవారి పేర్లు శాసనముల కెక్కినవి. చలివేంద్రములు పెట్టించినవారిని లోకము కొనియాడినది. బాటసారికి ఉతికిన దుప్పటి పరచినవారిని మాత్రము ఎవరును పొగడలేదు. సత్రమున దిగినవానికి భోజనమునకు పట్టునది అరగంట. మిగిలిన రాత్రియంతయు అతడు పక్కమీదనే గడపును. అన్నమును చూచి తినవచ్చును; నీటిని చూచి త్రాగవచ్చును. పక్కను మాత్రము కన్నులు మూసికొని నమ్మవలసియున్నది. తనకు ముందు దానిపై పరుండినవారెవరో, వారికి ఏ వ్యాధి ఉండెనో, వారు లేచిన పిమ్మట ఆ గుడ్డ నీటిని చూచెనో లేదో అతనికి తెలియదు.

ముక్కుమొగము తెలియని మనుష్యుడు పరచిన పక్కపై నిశ్చింతగా నిద్రించుట నేడు మనకు సామాన్యముగా తోచును. అయినను ఇది మానవులకు ఎంతో ఆలస్యముగా అబ్బిన అలవాటు. ఈ నమ్మకము ఎట్లు కుదిరినది, దానిని కుదిర్చినవారెవరు, అందుకు వారికి దక్కినదేమి అను విషయములను ఈ ప్రసంగమున చూతము.

పూర్వము మన దేశమున ప్రయాణికుడు తన పక్కను తానే మోసికొనిపోయెడివాడు. ఒక చాప, ఒక బొంత, శక్తి కలవానికి ఒక జంపఖానా, చలికాలమైనచో ఒక కంబళి, ఇవియే అతని పక్క. అశోకుడు బాటల వెంట మఱ్ఱిచెట్లు నాటించి, నూతులు త్రవ్వించి, విశ్రాంతిగృహములు కట్టించినట్లు తన స్తంభశాసనమున చెప్పుకొనెను. అందు పక్కల ప్రస్తావన లేదు. పేర్కొనదగిన మినహాయింపు షేర్షా సూరి సరాయిలు. 1540 మొదలు 1545 వరకు రాజ్యమేలిన ఈ సుల్తాను రాజమార్గములపై రెండు క్రోసుల కొకటిగా సరాయిలు కట్టించెననియు, హిందువులకును మహమ్మదీయులకును అందు వేర్వేరు బసలుండెననియు, హిందూ ప్రయాణికులకు వేడినీరు, చన్నీరు, మంచము, భోజనము సమకూర్చుటకు బ్రాహ్మణులు నియమింపబడిరనియు అక్బరు కాలపు చరిత్రకారుడు అబ్బాస్ ఖాన్ సర్వానీ వ్రాసెను. రాజు ఇచ్చు వసతుల లెక్కలో మంచము చేరుట ఆ కాలమునకు గొప్ప సంగతియే.

మన తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణమునుండి బయలుదేరి, కాశిని సేవించి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చెను. ఆయన చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఉద్యోగము చేసిన సంపన్నుడు. డేరాలు, పల్లకి, బోయీలు, పరివారము ఆయన వెంట నడచినవి. అంతటివాడును దారిలోని బసలను నమ్ముకొని బయలుదేరలేదు. తన గూటిని తానే మోయించుకొనిపోయెను.

ఇందుకు కారణములు రెండు. మొదటిది వెల. దూదిని ఏకి, నూలు వడికి, చేమగ్గముపై నేసిన ఆ కాలమున గుడ్డ ప్రియమైన వస్తువు. పదిమందికి పది దుప్పట్లు సమకూర్చుట ధర్మకర్తకు తలకు మించిన పని. రెండవది ఆచారము. ఒకరు వాడి విడిచిన నూలుగుడ్డ మైల. తడిపి ఆరవేసినగాని మడికి పనికిరాదు. ఉన్నికిని పట్టునకును ఈ పట్టింపు తక్కువ. అందుచేతనే ఆచారవంతులు ప్రయాణములలో కంబళిని, ధావళిని వెంట నుంచుకొనెడివారు. ఈ మైల భావమున కులభేదపు క్రౌర్యము కలదనుట నిజము. దానితోపాటు, పరుల దేహమునకు తగిలిన గుడ్డపట్ల ఎవరికైనను కలుగు సంకోచమును అందు కలదు. రెండును పెనవేసికొని యుండుటచే సత్రమున పక్క పరచు ఆలోచనయే పుట్టలేదు.

పక్క ఇచ్చు అలవాటు లేకున్నను ఉతుకు విద్య మనకు పురాతనమైనదే. ఏ బట్టను దేనితో శుభ్రపరచవలయునో మనుస్మృతి అయిదవ అధ్యాయమున విభజించి చెప్పబడినది: పట్టునకు, ఉన్నికి చవుటిమన్ను, కంబళములకు కుంకుడుకాయ, అవిసెనార బట్టలకు తెల్ల ఆవాలు. ధర్మశాస్త్రమున చేరినదైనను ఇది కేవలము వృత్తిజ్ఞానము. చవుటినేలలోని సోడా లవణములు జిడ్డును విడదీయును. కుంకుడు నురుగు మృదువైనది గనుక ఉన్నిని చెరుపదు.

మన చాకలివారు తరతరములుగా నిలిపినది ఈ జ్ఞానమునే. మాసిన దుప్పట్లను చవుటిమన్ను కలిపిన నీటిలో నానబెట్టి, పెద్ద బానలలో ఉడికించి, రేవున బండపై బాది, ఎండలో ఆరవేసి, గంజియు నీలిమందును పెట్టి మడచి తెచ్చెడివారు. క్షారము, వేడి, ఎండ అను మూడును మురికితోపాటు క్రిములను కూడ హరించునని శాస్త్రజ్ఞులు చెప్పుటకు ఎన్నో తరములకు ముందే ఈ పద్ధతి రేవులలో స్థిరపడినది. పలువురి గుడ్డలు ఒకే బానలో పడినను తారుమారు కాకుండుటకు నల్లజీడి రసముతో మూలన చిన్న గుర్తు పెట్టెడివారు. ఆ మచ్చ ఎన్ని ఉతుకులకును చెదరదు. ఆంగ్లేయులు ఆ జీడికి ‘గుర్తుగింజ’ యని అర్థమిచ్చు పేరే పెట్టిరి. నేడు హోటలు దుప్పటి అంచున కనబడు ముద్రకు ఈ జీడిగుర్తు పూర్వరూపమని మేము తలంతుము.

ఐరోపా పద్ధతి వేరు. అచ్చటి బసయిండ్లు అతిథికి పక్క నిచ్చెడివి. అయితే ప్రతివానికి వేరు పక్క అను నియమము లేదు. ఇంగ్లండులోని వేర్ అను ఊరికి చెందిన ఒక మంచము మూడు మీటర్లకు మించిన వెడల్పు కలది. 1590 ప్రాంతమున చేయబడిన దానిని షేక్స్పియరు ‘పన్నెండవ రాత్రి’ నాటకమున పేర్కొనెను. నేడది లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో కలదు. అంత పెద్ద మంచము వింతయే గాని, ఒకే మంచమున అపరిచితులు పరుండుట ఆనాడు వింత కాదు. 1776 సెప్టెంబరులో బెంజమిన్ ఫ్రాంక్లిను, జాన్ ఆడమ్సు అను అమెరికా నాయకులు ఇరువురు న్యూబ్రన్స్విక్ అను ఊర చోటు చాలని బసలో ఒకే మంచమును పంచుకొనిరి. రాత్రిగాలి పడదని ఆడమ్సు కిటికీ మూసెను. మూసిన గదిలోని చెడుగాలియే జలుబునకు మూలమని ఫ్రాంక్లిను తెరవుమనెను. ఫ్రాంక్లిను తన సిద్ధాంతమును వివరించుచుండగనే తనకు నిద్రపట్టెనని ఆడమ్సు తన ఆత్మకథలో వ్రాసికొనెను.

ఆంగ్లేయ ప్రయాణికులకు మిక్కిలి భయము తడి దుప్పటి. చలియు వానయు గల ఆ దేశమున గుడ్డ ఆరుట కష్టము. ఆరని దుప్పటిపై పరుండిన జ్వరము వచ్చునని వారి నమ్మకము. వాడిన దుప్పటిపైనే నీళ్లు చిలకరించి, మడతలు అణచి, ఉతికినదని పరచు బసలును ఉండునని అనుమానము. అందుచే, దుప్పట్ల నడుమ గాజు గ్లాసునుంచి కొంతసేపటికి తీసి చూడవలయుననియు, లోపల చెమ్మ పట్టినచో ఆ పక్క తడిదని ఎరుగవలయుననియు ప్రయాణికులకు సలహా చెప్పెడివారు. పక్క ఇచ్చువాని మాటను నమ్మలేక అతిథియే పరీక్షకుడు కావలసివచ్చిన కాలమది.

ఆ కాలముననే ఐరోపా సంపన్నుల పక్కలపై మన తీరపు బట్ట వెలసినది. 17, 18 శతాబ్దములలో మచిలీపట్నము మొదలగు కోరమండల రేవులనుండి కలంకారీ పలంగుపోషులు ఓడలకెక్కి పశ్చిమమునకు పోయెను. పూవులు, తీగెలు, మహావృక్షములు గీసిన ఆ పక్కకప్పుల అందమొక యెత్తు, చిరివేరుతో అద్దిన ఎరుపు ఉతుకులకు వెలియకుండుట మరియొక యెత్తు. తమ నేతగాండ్ర మొరలు విని ఫ్రాన్సు ప్రభుత్వము 1686లోను, ఇంగ్లండు ప్రభుత్వము 1721లోను ఇట్టి అద్దకపు నూలుబట్టలపై నిషేధములు విధించినవి. ఉతికినను నిలుచు రంగునకు చట్టములే అడ్డుపడవలసినంత గిరాకి యుండెను.

పక్కగుడ్డల శుభ్రత గృహమర్యాదగా ఉండుట మాని ప్రజారోగ్య విషయమైనది కలరా కాలమున. 1832లో లివర్‌పూలు నగరమున ఆ మహమ్మారి వ్యాపించినప్పుడు కిట్టీ విల్కిన్సన్ అను పేద స్త్రీ ఇంట నీళ్లు కాచు పెద్ద కాగు ఉండెను. ఆ చుట్టుపట్ల పేదయిండ్లలో అట్టిది మరియొకటి లేదు. ఆమె తన యింటిని తెరచి, రోగుల బట్టలను పక్కగుడ్డలను తెచ్చి ఉతుకుకొండని ఇరుగుపొరుగువారిని పిలిచెను. వేడినీటితోను, బ్లీచింగు పొడితోను గుడ్డలు శుభ్రము చేయబడెను. కలరా క్రిమిని రాబర్టు కాక్ ఈజిప్టులోను కలకత్తాలోను పరిశోధించి గుర్తించినది 1883, 1884 సంవత్సరములలో. దానికి అర్ధశతాబ్దము ముందే, రోగికి తగిలిన గుడ్డను మరగబెట్టక మరియొకరికి ఇవ్వరాదని ఈమె ఆచరణచే చూపెను. ఆ కృషికి ఫలముగా 1842లో లివర్‌పూలున ప్రజల ఉతుకుశాల వెలసెను. 1846లో పార్లమెంటు స్నానశాలలకును ఉతుకుశాలలకును చట్టము చేసెను.

1851లో ఇంగ్లండున చవుక బసయిండ్ల చట్టము వచ్చినది. రాత్రికింతయని పుచ్చుకొని పరుల నుంచుకొను ఇండ్లు నమోదు కావలయును. తనిఖీకి తలుపు తెరువవలయును. ఈ ఆలోచన మన దేశమునకు తీర్థముల ద్వారమున ప్రవేశించినది. 1866లో కాన్‌స్టాంటినోపులున సమావేశమైన అంతర్జాతీయ ఆరోగ్యసభ, కలరా వ్యాప్తికి మన యాత్రాస్థలముల రద్దీ ముఖ్యకారణమని వేలు చూపెను. 1871లో వంగరాష్ట్రమున పూరీ బసయిండ్ల చట్టము చేయబడెను. యాత్రికులకు బస ఇచ్చు ఇంటికి లైసెన్సు కావలసివచ్చినది. ఇంతమందికి మించి ఉంచరాదను లెక్క ఏర్పడినది. జగన్నాథ దర్శనమునకు పోవు తెలుగు యాత్రికులకును ఇది సంబంధించినదే. వారు పరుండినది తమ చాపలమీదనే. అయినను, పరులకు రాత్రి చోటిచ్చువాడు ఆ రాత్రికి జవాబుదారి అను సూత్రము అప్పటినుండి వ్రాతలోనికి వచ్చినది.

ఇక రైళ్ల సంగతి. అమెరికాలో జార్జి పుల్‌మన్ 1867లో స్థాపించిన సంస్థ నిద్రబండ్లను నడపి, ఉతికిన తెల్లని దుప్పటిని, గలీబును దూరప్రయాణములో భాగము చేసినది. ఆ పక్కలు పరచినవారు నల్లజాతి పనివారు. తొలితరమువారు అనేకులు బానిసత్వమునుండి అప్పుడే విడుదలైనవారు. చాలీచాలని జీతములతో రాత్రులు మేలుకొని పనిచేసిన వీరు 1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫు నాయకత్వమున సంఘము పెట్టుకొని, 1937లో సంస్థతో ఒడంబడిక సాధించిరి.

దుప్పటి తెలుపునకు కారణము కేవలము అందము కాదు. తెల్లని నూలుగుడ్డ మరుగును తట్టుకొనును, బ్లీచింగును తట్టుకొనును, అన్నిటికన్న ముఖ్యముగా మచ్చను దాచదు. రంగుగుడ్డ అతిథి కన్నును కప్పగలదు, తెల్లగుడ్డ కప్పలేదు. అయినను తెలుపు ఒక్కటే చాలదని 20వ శతాబ్దపు తొలి దశకములలో అమెరికాలోని కొన్ని రాష్ట్రముల శాసనకర్తలు గ్రహించిరి. టెక్సాసు, ఓక్లహోమా మొదలగు రాష్ట్రములు హోటలు దుప్పటి 9 అడుగుల పొడవుండవలయునని చట్టములు చేసినవి. వినుటకు ఇది హాస్యముగా తోచును, యుక్తి గొప్పది. దుప్పటిని ప్రతి అతిథికిని మార్చుదురు. దానిపై కప్పు రగ్గును మార్చరు. దుప్పటి పొడవైనదైనచో దానిని రగ్గు అంచుపైకి మడచి, అతిథి మొగమునకును చేతులకును రగ్గు తగులకుండ చేయవచ్చును.

మన రైళ్లలో చిరకాలము పాతపద్ధతియే సాగినది. 1950, 1960 దశకములలో స్టేషనులందు కూలివాని తలపై ట్రంకుపెట్టెతోపాటు తోలుపట్టీలు బిగించిన కాన్వాసు హోల్డాలు తప్పక కనబడెడిది. పరుపు, దుప్పటి, దిండు అందే. క్రమముగా శీతలపెట్టెలు పెరిగి, రైలే పక్కబట్టలు ఇచ్చు పద్ధతి బలపడినది. 2020 మార్చిలో కరోనా వ్యాధి భయముచే ఆ పంపిణీని నిలిపివేసిరి; తిరిగి ఇచ్చుటకు 2022 మార్చిలో ఉత్తరువు వెలువడెను. ఆ రెండేండ్లు ప్రయాణికులు తాతలవలె తమ పక్కను తామే మోసికొనిపోయిరి. నమ్మకము చెదరిన క్షణమున పాత అలవాటు ఎంత త్వరగా తిరిగివచ్చునో ఇది తెలుపును.

అంతకు మునుపే, 2017లో, కంప్ట్రోలరు ఆడిటరు జనరలు నివేదిక రైలు రగ్గులను నిర్ణీత గడువులలో ఉతుకుట లేదని ఎత్తిచూపెను. దుప్పటి ప్రతి ప్రయాణమునకును ఉతుకుదురు; ఉన్ని రగ్గునకు వేరు గడువు. వంద యేండ్ల క్రిందట అమెరికా చట్టకర్తలు తొమ్మిది అడుగుల దుప్పటితో ఎదుర్కొన్న చిక్కే ఇది. కనబడు తెలుపునకు అడుగున గాని, పైన గాని, కనబడని ఉతకని వస్తువొకటి దాగియుండును. అతిథి పక్క చరిత్ర యంతయు ఆ దాగిన వస్తువును వెలికితీయుటకు జరిగిన ప్రయత్నమని మేము భావింతుము.

దాగియున్నది వస్తువు మాత్రమే కాదు, ఉతికిన చేయి కూడ. నైజాము తెలంగాణమున వెట్టిచాకిరి సాగిన కాలమున చాకలివారు దేశముఖుల ఇండ్లలోను, అధికారుల బసలలోను బట్టలు ఉతుకుట, అంట్లు తోముట మొదలగు పనులు కూలిలేక చేయవలసివచ్చెను. విడిది చేసిన అధికారికి పక్క మెత్తగా ఉండెను; దానిని ఉతికినవానికి ఆనాటి కూలి లేదు. అతని పిల్లలకు ఆ పూట గంజియైనను దొరకెనో లేదో విచారించినవారు లేరు. 1946 మొదలు 1951 వరకు సాగిన సాయుధపోరాటమున ఈ వెట్టిపై తిరుగుబాటు ముఖ్యాంశము. చాకలి కుటుంబమున పుట్టిన చిట్యాల ఐలమ్మ ఆ పోరాటమున చిరస్మరణీయురాలైనది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. బొంబాయి మహాలక్ష్మి దగ్గర 1890లో కట్టబడిన ధోబీఘాటులో వరుసలు వరుసలుగా ఆరవేసిన హోటళ్ల, ఆసుపత్రుల దుప్పట్లను చూడ బోవు యాత్రికులు, వాని వెనుక తెల్లవారుజామునుండి నీటిలో నిలిచిన కాళ్లను కూడ చూడవలయును.

నేడు ఈ చరిత్ర మన గడపలోనికి వచ్చినది. పుణ్యక్షేత్రములలోను, నగరములలోను గృహస్థులు తమ యింటిలో ఒక గదినో, ఒక వాటానో రెండు మూడు దినములకు అతిథులకు అద్దె కిచ్చుచున్నారు. అట్టివారికి గత శతాబ్దముల అనుభవము కొన్ని మాటలు చెప్పుచున్నది. ఒక్కొక్క మంచమునకు మూడు జతల దుప్పట్లు, గలీబులు ఉండవలయును: ఒకటి పక్కపై, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. రెండే ఉన్నచో వానకాలమున ఆరని దుప్పటిని పరచవలసివచ్చును; ఆంగ్లేయుల గాజు గ్లాసు భయము మరల మొదలగును. నేతకు నునుపుకన్న గట్టితనము ముఖ్యము. నూలు తెల్లదుప్పటి అరువది డిగ్రీల వేడినీటిని తట్టుకొనును. ఆ వేడికి నల్లియు దాని గ్రుడ్లును నశించును.

మన అతిథులు విడిచిపోవు మచ్చలు మనవే. తలనూనె గలీబును పట్టును. దానికి వేడినీరు, సోడా. పసుపు మచ్చ సబ్బు తగులగనే ఎఱ్ఱబారును. చూచి బెదరి మరింత సబ్బు రుద్దవలదు, జాడించి ఎండలో పరచినచో ఎండయే దానిని క్రమముగా విరుచును. నెత్తురు మచ్చకు చన్నీరే మందు. వేడినీరు పోసినచో అది నూలులో పాతుకొనును. బూరుగుదూది పరుపు నీటికి ఓర్వదు. దానికి గవిసెన తొడిగి గవిసెనను ఉతుకుచు, పరుపును ఎండలో వేయుచుండవలయును. చివరిది, మరువరానిది: దుప్పటితోపాటు రగ్గు. ప్రతిసారి రగ్గును ఉతుకలేనివారు దానికి నూలు గవిసెన తొడిగి, ప్రతి అతిథి వెళ్లిన పిమ్మట ఆ గవిసెనను మార్చుట మేలు. తొమ్మిది అడుగుల దుప్పటి చేసిన పనినే ఆ గవిసెన ఇంకను చక్కగా చేయును.

ఈ లెక్కలన్నిటిలో ఉతుకు కూలిని చివరి పద్దుగా వ్రాయువారు కలరు. అద్దె తగ్గించుకొనవలసినప్పుడు మొదట కోతపడునది అదియే. ఆ కూలి తగ్గినచోట నీళ్లు తగ్గును, వేడి తగ్గును, ఎండలో ఉంచు గడియలు తగ్గును; కొన్నాళ్లకు వాడిన దుప్పటినే దులిపి పరచు రోజు వచ్చును. అతిథి మన మాటను నమ్మి కన్నులు మూసికొనుచున్నాడు. ఆ నమ్మకమును నిలుపునది రేవున గాని, యంత్రము చెంత గాని నిలిచి ఉతుకుచున్న మనుష్యుడు. అతనికి ఇవ్వవలసినది నిండుగా ఇచ్చినవారే బాటసారికి మంచి పక్క పరచినవారు.